ఆటలో అరటిపండుకు రూల్సు ఎప్పుడొస్తాయి?

మే నెలలో తిరుపతి మిద్దెల సంగతి తెలిసిందే. సాయంత్రం ఆరైనా కాలు పెడితే చుర్రుమంటుంది, రెండు బకెట్ల నీళ్ళు చల్లి అరగంట ఆగితే తప్ప కూర్చోలేం. అట్లా చల్లార్చిన నేల మీద మా అత్త సుద్దముక్కతో అయిదు గళ్ళు నిలువు, అయిదు గళ్ళు అడ్డం గీసి అష్టాచెమ్మా మొదలుపెట్టింది. ఆడేవాళ్ళు నలుగురు: అత్త, చిత్తూరు నుంచి సెలవులకొచ్చిన మా ఆడబిడ్డ పదకొండేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ మా పాప, మొన్ననే అయిదు నిండిన మా చిన్నోడు. నేను పక్కన చింతపండు గింజలు తీసుకుంటూ కూర్చున్నా.

చిన్నోడికి చెమ్మా, అంటే నాలుగు గవ్వలూ వెల్లకిలా, పడితే పెద్దపిల్ల కాయ చస్తుంది. గవ్వలు వేశాడు. మూడు వెల్లకిలా, ఒకటి బోర్లా. కాసేపు గవ్వల వైపే చూసి, చిటికెన వేలితో ఆ బోర్లా పడినదాన్ని మెల్లగా తిప్పి "చెమ్మా!" అని అరిచాడు. అందరి కళ్ళ ముందే. దాచుకుందామన్న ఆలోచన కూడా లేదు.

"తొండి! అవ్వా, వీడు తొండి చేస్తాండాడు!"

"నేనేం చేయలే!"

మా ఆయన ఫోన్లోంచి తలెత్తి "ఇప్పట్నుంచే అబద్ధాలా" అన్నాడు. అత్త మాత్రం "గవ్వ కింద పడినాక చెయ్యి తగిల్తే మళ్ళా ఎయ్యల్ల, అంతే. ఎయ్యి నాయనా" అని గవ్వలు వాడి చేతిలో పెట్టింది. ఈసారి ఒకటే పడింది. మూతి ముడుచుకున్నాడు గానీ కాయ జరిపాడు. అసలు తమాషా ఆ తర్వాత జరిగింది. మా పాప లెక్క తప్పి ఒక గడి ఎక్కువ జరిపితే, అందరికంటే ముందు లేచి "అది తప్పు, వెనక్కి పో!" అని గొంతు చించుకున్నది వీడే.

అంటే వీడికి రూలు తెలుసు. వేరేవాళ్ళు తప్పితే పట్టుకునేంత బాగా తెలుసు. మరి తన చేతికొచ్చేసరికి ఏమైంది? నా కొడుకు దొంగబుద్ధులు నేర్చుకుంటున్నాడేమో అని ఆ రాత్రి నిజంగానే టెన్షన్ పడ్డాను. తర్వాత కొంత చదివి, చాలా మటుకు ఆ మిద్దె మీదే కూర్చుని చూసి, నాకు అర్థమైంది ఒకటే: రూలు తెలియడం వేరు, రూలు పట్టున నిలబడడం వేరు. మొదటిది మూడేళ్ళకే వచ్చేస్తుంది. రెండోది రావడానికి ఏళ్ళు పడుతుంది. మనం పిల్లల్ని తిట్టేదంతా ఈ రెండిటి మధ్య ఖాళీలోనే.

జర్మనీలోని లైప్‌జిగ్‌లో రకోజీ, వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం బయటపెట్టారు. చిన్నపిల్లలకు ఎక్కడా లేని కొత్త ఆట ఒకటి చూపించారు, ఇది ఇట్లా ఆడాలి అని. తర్వాత ఒక తోలుబొమ్మ లాంటి బొమ్మ వచ్చి అదే ఆటను తప్పుగా ఆడింది. మూడేళ్ళ పిల్లలు ఊరుకోలేదు, అట్లా కాదు, ఇట్లా ఆడాలి అని బొమ్మను సరిదిద్దారు. రెండేళ్ళ వాళ్ళలో ఆ పట్టింపు ఇంత గట్టిగా కనపడలేదు. ఆ పిల్లలకు బొమ్మ గెలిచినా ఓడినా వచ్చేదేం లేదు, పోయేదేం లేదు. అయినా ఆటకొక పద్ధతి ఉందని, అది అందరికీ వర్తిస్తుందని మూడేళ్ళకే మనసులో పడిపోయింది. మా వాడు "వెనక్కి పో" అని అరిచింది ఇదే.

రెండో ప్రయోగం అంతకంటే ముందుది, 1996లో జెలాజో అనే పరిశోధకుడి బృందం చేసింది. రంగులు, బొమ్మలు ఉన్న కార్డులిచ్చి ముందు రంగును బట్టి వేరు చేయమన్నారు. మూడేళ్ళ వాళ్ళు చక్కగా చేశారు. ఇప్పుడు ఆట మారింది, బొమ్మను బట్టి వేరు చెయ్యి అన్నారు. పిల్లలు మళ్ళీ రంగును బట్టే పెట్టారు. విచిత్రం ఏమిటంటే, ఈ కొత్త ఆటలో ఏ బొమ్మ ఎటు పోవాలి అని అడిగితే సరిగ్గా చూపించారు, చూపించిన మరుక్షణం చేత్తో పాత చోటే పెట్టారు. అయిదేళ్ళకు వచ్చేసరికి చాలామంది ఇది దాటేస్తారు. నోటికి తెలిసింది చేతికి అందడం లేదన్నమాట.

దీనికి ల్యాబ్ అక్కర్లేదు, మనందరం చిన్నప్పుడు ఆడిందే. "కాకి ఎగిరె" అంటే చెయ్యెత్తాలి, "పిచ్చుక ఎగిరె" అంటే ఎత్తాలి, "ఎనుము ఎగిరె" అంటే ఎత్తకూడదు. నాలుగేళ్ళవాడిని ఎనుము ఎగురుతుందా అని అడగండి, నవ్వి ఎగరదు అంటాడు. ఆటలో మాత్రం ఠక్కున చెయ్యి లేపేస్తాడు. మూడు పనులు ఒకేసారి నడవాలి అక్కడ: రూలు గుర్తుండాలి, లేవబోతున్న చేతిని ఆపుకోవాలి, ఎత్తడం నుంచి ఆగడానికి గబుక్కున మారాలి. ఈ మూడిటినీ ఎక్కువగా చూసుకునేది నుదుటి వెనకుండే మెదడు భాగం, అది పూర్తిగా పండడానికి ఇరవై ఏళ్ళు దాటతాయి. మనక్కూడా పూర్తిగా రాలేదని లీలామహల్ సర్కిల్ సిగ్నల్ దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది.

ఇంకొక మాట. తొండి అనుకున్నదంతా తొండి కాదు. వైకుంఠపాళిలో చిన్నపిల్లలు చాలామంది తామున్న గడినే ఒకటి అని లెక్కపెట్టడం మొదలుపెడతారు. నాలుగు పడితే మూడే గళ్ళు జరుగుతారు, అది ఒక్కోసారి వాళ్ళకే నష్టం. నిచ్చెన మిస్సయినప్పుడు మనం పట్టించుకోం, పాము తప్పించుకున్నప్పుడు మాత్రం దొంగ అంటాం! పక్కన కూర్చుని వేలితో "ఇక్కడున్నావు, ఇదిగో ఒకటి" అని రెండు మూడు ఆటలు తోడు లెక్కపెడితే పోతుంది అది.

సరే, ఇప్పుడు పిల్లల మనసు మీద పనిచేసిన పియాజే అనే శాస్త్రవేత్త దగ్గరికొద్దాం. డీఎస్సీకి చదివిన వాళ్ళకు ఆ పేరు వింటేనే తలనొప్పి వస్తుందని తెలుసు, అయినా గైడ్లలో దశల పట్టిక బట్టీ కొట్టించారు గానీ ఆయన నేల మీద కూర్చుని పిల్లలతో గోళీలాడిన సంగతి ఎవరూ రుచిగా చెప్పలేదు. స్విట్జర్లాండ్‌లో జెనీవా, న్యూషటెల్ పిల్లల దగ్గర కూర్చుని, నాకు రాదు నేర్పించండి అంటూ ఆడి, మధ్యలో ఈ రూలు ఎవరు పెట్టారు, మార్చొచ్చా అని అడుగుతూ పోయాడు. 1932లో అచ్చేశాడు. ఆయనకు దొరికిన వింత ఇది. అయిదారేళ్ళ పిల్లలు రూలంటే నాన్నలో, దేవుడో, ఊరి పెద్దలో పెట్టింది, మార్చడానికి లేదు అంటారు. ఆడేటప్పుడు మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్ళు ఆడతారు, ఇద్దరూ నేనే గెలిచా అంటారు, గొడవ కూడా పడరు. పది పన్నెండేళ్ళ వాళ్ళు దీనికి పూర్తిగా తిరగేసి: అందరూ ఒప్పుకుంటే రూలు మార్చుకోవచ్చు అంటారు, ఒప్పుకున్నదాన్ని మాత్రం అక్షరం తప్పనివ్వరు.

ఇది మా మిద్దె మీద అచ్చంగా జరిగింది. మా ఇంట్లో కాయ చుట్టు తిరిగొస్తే లోపలి గళ్ళలోకి పోవచ్చు. మా ఆడబిడ్డ ఇంట్లో అట్లా కుదరదు, ఎదుటివాళ్ళ కాయ ఒకటైనా చంపితేనే లోపలికి. దీని మీద పెద్ద రభస. చిన్నోడి వాదన ఒకటే: "అవ్వ చెప్పింది." అంతకు మించి వాడి దగ్గర ఏం లేదు, అవసరమూ లేదు. పాప "మా ఇంట్లో ఆడుతున్నాం కాబట్టి మా రూలే" అంది. పదకొండేళ్ళ పిల్ల మాత్రం కాసేపు ఆలోచించి, "ఈ ఆట మీ రూలు, తర్వాతాట మా రూలు. కానీ ఆట మధ్యలో మార్చకూడదు, ముందే చెప్పుకోవాల" అని తేల్చింది. ఒకే సుద్దగీత చుట్టూ ముగ్గురు, రూలంటే మూడు అర్థాలు. అత్త మధ్యలో కల్పించుకోలేదు, వక్కాకు నములుతూ చూస్తూ కూర్చుంది. నేనైతే కల్పించుకుని చెడగొట్టేదాన్ని.

మరి అవ్వ చెప్పింది అనే దగ్గర్నుంచి ముందే చెప్పుకోవాల అనే దగ్గరికి పిల్లలు ఎట్లా చేరతారు? వయసొస్తే వచ్చేది కొంత. మిగతాది నేర్పడానికి మన వీధుల్లో ఎప్పట్నుంచో ఒక ఏర్పాటుంది, దానికి మనం పెట్టుకున్న పేరు వెటకారంగా మిగిలిపోయింది గానీ నా దృష్టిలో అంత తెలివైన పద్ధతి ఇంకోటి లేదు. ఆటలో అరటిపండు.

ఈ మాటను ఇప్పుడు రాజకీయాల్లో లెక్కలో లేనివాడిని అనడానికి వాడుతున్నాం. మా చిన్నప్పుడు కొర్లగుంట వీధిలో అది అక్షరాలా ఒక హోదా. పంటలేసుకుని దొంగ ఎవరో తేల్చుకునేటప్పుడు ఎవరిదో ఒక తమ్ముడు చంకనెక్కి వస్తాడు, వదిలేస్తే ఏడుస్తాడు, ఇంట్లో తిడతారు. అప్పుడు "వీడు అరటిపండు" అని ప్రకటిస్తారు. వాడు పరిగెత్తొచ్చు, దాక్కోవచ్చు, దొరికితే ఔట్ కాడు, దొంగ పెట్టాల్సిన పన్లేదు. చూడ్డానికి రూల్స్ ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ ఉంటాయి: కరెంటు స్తంభం దాటి పోకూడదు, దాక్కున్నవాళ్ళ చోటు చెప్పకూడదు (చెప్తాడు, ప్రతిసారీ చెప్తాడు, అక్క తల మీద ఒకటిస్తుంది), ఆట మధ్యలో ఇంటికి పోకూడదు. మోయగలిగినంత బరువే. మిగతా ఆటంతా వాడి కళ్ళ ముందు, లోపలి నుంచి, రోజుకు పదిసార్లు నడుస్తుంది.

తర్వాత ఆ రాయితీ మెల్లగా కరుగుతుంది. మొదట అస్సలు ఔట్ లేదు. కొన్నాళ్ళకు రెండుసార్లు దొరికితే ఔట్. ఇంకొన్నాళ్ళకు ఔటే గానీ దొంగ పెట్టించరు, లేదా దొంగ పెట్టినా ముందు దొరికిన అన్న వచ్చి తోడు వెతుకుతాడు. ఎవరు రాసిపెట్టారు ఇదంతా? ఎవరూ రాయలేదు. పది పన్నెండేళ్ళ పిల్లలు అక్కడికక్కడ, వాడి కాళ్ళ బలం, ఏడుపు బలం చూసుకుని తూకమేసేవాళ్ళు. చిన్నవాడికి రూలుకు లోబడడం వస్తోంది, పెద్దవాళ్ళకు న్యాయంగా రూలు పెట్టడం వస్తోంది, పెద్దమనిషి ఒక్కడు కూడా లేకుండా.

ఒకరోజు వాడే అడ్డం తిరుగుతాడు. మా చిన్నోడు ఈ సెలవుల్లోనే తిరిగాడు. వీధిలో నేలా బండా ఆడుతున్నారు, వాడిని ముట్టుకున్న పిల్లోడు అలవాటుగా వదిలేసి పోబోతే చొక్కా పట్టుకుని ఆపాడు. "నేను అరటిపండు కాదు. నేను ఔట్." దొంగ పెట్టాడు, ఎవరినీ పట్టుకోలేక పది నిమిషాలు చెమటలు కక్కాడు, చివరికి ఏడ్చాడు కూడా. మర్నాడు మళ్ళీ అరటిపండు ఉంటావా అంటే ఉండనన్నాడు.

ఏడిపించే రూలు ఎందుకు కావాలి వాడికి? దీనికి నాకు నచ్చిన జవాబు వైగాట్‌స్కీ అనే రష్యన్ మనస్తత్వవేత్త 1933లో ఇచ్చిన ఒక ఉపన్యాసంలో ఉంది. పరుగు పందెంలో గీత దగ్గర నిలబడ్డ పిల్లవాడికి వెంటనే పరిగెత్తాలనే ఉంటుంది. అయినా ఆగుతాడు. కారణం భయం కాదు. గీత దగ్గర ఆగకపోతే పందెం అనేదే ఉండదు, పందెంలో ఉన్న మజా ముందే పరిగెత్తడంలో లేదు. ఆటలో రూలు పాటించడమే రుచి. అందుకే మామూలుగా ఉన్నప్పటి కంటే ఆటలో ఉన్నప్పుడు పిల్లవాడు తన కంటే తలకాయంత ఎత్తుగా ఉంటాడు అన్నాడాయన. తర్వాత 1948లో మనుయ్‌లెంకో అనే రష్యన్ పరిశోధకురాలు దీన్ని పరీక్షించి చూసింది: కదలకుండా నిలబడు అంటే నిలబడలేని పిల్లలు, నువ్వు కాపలా సిపాయివి అంటే చాలా ఎక్కువసేపు నిలబడ్డారు.

తిరుపతివాళ్ళకు ఇది కొత్తేం కాదు. తాతయ్యగుంట గంగమ్మ జాతరలో బైరాగి, బండ, తోటి, దొర అని రోజుకొక వేషం ఉంటుంది, పిలకాయలు కూడా వేస్తారు. స్నానం చేశాక నూనె రాస్తానంటే ఇల్లంతా పరిగెత్తించే మా వాడు, ఒళ్ళంతా తెల్ల సుద్ద పూసి వేపమండ చేతికిస్తే, ఎండలో గుడిదాకా ఒక్కసారి కూడా గోక్కోకుండా నడిచాడు. దారిలో వాళ్ళ నాన్న ఐస్‌క్రీమ్ కావాలా అంటే "ఇప్పుడు నేను బైరాగి" అన్నాడు. ఇంటికొచ్చి సుద్ద కడగ్గానే ఐస్‌క్రీమ్ కోసం నేల మీద దొర్లాడనుకోండి, అది వేరే సంగతి.

ఇక మనం చేసే పొరపాట్లు. నావే చెప్తా. నిరుడు వాడిని ఒక సమ్మర్ క్యాంప్‌లో వేశాను. ఇరవైమంది ఒకే వయసు పిల్లలు, ఒక సారు, ఒక విజిల్. అందరూ నాలుగేళ్ళ వాళ్ళే అయితే అరటిపండు ఎవరు, అక్క ఎవరు? విజిల్ మోగితే ఆగడం బాగా వచ్చింది వాడికి. విజిల్ లేని మా వీధిలోకి వచ్చేసరికి మాత్రం ఆగడమనేదే లేదు, ఎందుకంటే వాడు నేర్చుకున్నది ఆట రూలు కాదు, సారు రూలు. అపార్ట్‌మెంట్లలోనూ ఇదే చూస్తున్నా, ఒకే ఈడు పిల్లల్ని ఒక చోట పెట్టి, ప్రతి గొడవకూ పైనుంచి అమ్మలు తీర్పులు చెప్తుంటారు.

రెండోది ఫోన్లో లూడో. రూల్స్ నేర్చుకుంటాడులే అనుకున్నా. కానీ అందులో తొండి చేద్దామన్నా కుదరదు! డైస్ తనంతట తనే పడుతుంది, కాయ తనే నడుస్తుంది, వంతు కానప్పుడు నొక్కినా పలకదు. చేతిని ఆపుకోవాల్సిన పని మొత్తం ఫోనే చేసేస్తుంది, వీడికి మిగిలింది నొక్కడం ఒక్కటే. గవ్వల దగ్గర అట్లా కాదు, తిప్పేయడానికి వేలు పోయేంత దూరంలోనే ఉంటుంది బోర్లాపడిన గవ్వ. ఆ దూరంలోనే అసలు కసరత్తంతా ఉంది అనేది నా అభిప్రాయం.

మూడోది, ఏడుస్తాడని కావాలని ఓడిపోవడం. ఒక నెలంతా నేను వైకుంఠపాళిలో పాముల నోట్లోనే పడ్డాను. పక్కింటి పిల్లతో ఆడిన మొదటి రోజే పాము మింగేసరికి అట్ట ఎత్తి గోడకేసి కొట్టాడు. ఓడడం ఎట్లా ఉంటుందో చూపించకుండా దాచింది నేనే కదా. మా అత్త గెలవడానికే ఆడుతుంది, ఓడితే మాత్రం "ఏం గవ్వలో ఇవి, నా మాట ఒక్కటీ ఇనవు" అని గవ్వల్ని తిట్టి, మళ్ళీ గీత గీస్తుంది. ఇప్పుడు మా వాడు కూడా గవ్వల్నే తిడుతున్నాడు. అట్ట గోడకు కొట్టడం కంటే నయం. అదృష్టం మీద నడిచే ఆటలు ముందు ఆడించడం మంచిదనిపిస్తుంది, గవ్వల మీద తోసెయ్యొచ్చు. క్యారమ్స్‌లో, పులిజూదంలో ఓడితే తప్పు తనమీదే పడుతుంది, దానికి ఇంకాస్త వయసు రానివ్వాలి.

తొండి దగ్గర అబద్ధం, నిజాయితీ అని ఉపన్యాసం ఎత్తుకోవడం మానేశాను. ఆట ఆగిపోతుంది, అందరి మొహాలూ వాడి వైపు తిరుగుతాయి, ఆ సిగ్గులో "నేను చేయలే" అనడం తప్ప వాడికి దారుండదు. అత్త చేసినట్టు, తిప్పిన గవ్వ చెల్లదు, మళ్ళీ వెయ్యి, అయిపోయింది. అట్లాగే తాకొద్దు అని వందసార్లు చెప్పేకంటే చేతికి వేరే పని చెప్పడం బాగా పనిచేసింది. ఆట మొదలవ్వకముందే "గవ్వలేసినాక చేతులు తొడల కింద" అని పెద్దపిల్ల ఒక రూలు పెట్టింది, వాడికొక్కడికే అయితే అలిగేవాడు, అందరికీ పెట్టింది. డెబ్భై ఏళ్ళ మా అత్త కూడా చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చుంటే మిద్దె మీద చూడ్డానికి భలే ఉంది.

నిన్న సాయంత్రం వాడికి మళ్ళీ చెమ్మా కావాల్సి వచ్చింది. మూడే పడింది. చేతులు తొడల కిందే ఉన్నాయి గానీ మనిషి మొత్తం ముందుకు వంగి, ఆ బోర్లా గవ్వ మీద ఉఫ్ అని గట్టిగా ఊదాడు. గవ్వ కదల్లేదు. ఊదడం తొండి కిందికి వస్తుందా రాదా అని పదకొండేళ్ళది, ఎనిమిదేళ్ళది ఇంకా తేల్చుకోలేదు, ఈరోజు ఆటకు ముందు దాని మీద చర్చ ఉంటుందట.